చిన్నవాళ్ళు ముందు

లియాండ్రో సెర్పా బూట్ల మధ్య పుట్టి పెరిగినవాడు. బుకరమంగలో మా శాన్ ఫ్రాన్సిస్కో పేటలో ఏ ఇంటి తలుపు తీసినా జిగురూ తోలూ కలిసిన వాసన కొడుతుంది. అతని తండ్రి బూట్లకు అడుగులు అతికించే పనివాడు. లియాండ్రో మాత్రం జిగురు జోలికి పోకుండా చదువుకుని, ఒక బ్యాంకులో ఫోన్లలో మాట్లాడే ఉద్యోగం సంపాదించాడు. క్రెడిట్ కార్డు కావాలని అడిగినవాళ్ళకు ఇవ్వలేమని చెప్పడమే అక్కడ అతని పని. గొంతులో కాస్త విచారం పలికిస్తూ చెప్పాలి. బస్సులు కడిగేవాళ్ళు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, మార్కెట్లో బంగాళాదుంపలు అమ్మేవాళ్ళు, అందరికీ ఒకే జవాబు. ఎందుకు ఇవ్వరని వాళ్ళు అడిగితే చెప్పడానికి అతని దగ్గర ఏమీ ఉండేది కాదు.

అలా చెప్పీ చెప్పీ విసిగిపోయి పెట్టిన కంపెనీయే ఎస్త్రేనె. కొత్త బట్టలో కొత్త బూట్లో మొదటిసారి వేసుకోవడానికి మా భాషలో విడిగా ఒక మాట ఉంది. దాన్నే పేరుగా పెట్టాడు. క్రిస్మస్ ముందు రాత్రి ఒంటిమీద కొత్తది లేకపోతే మా ఊళ్ళో ఎవరికీ తోచదు కాబట్టి ఆ పేరు చెప్పగానే అందరికీ నోరూరేది.

పద్ధతి తేలికైనదే. దుకాణంలో బూట్లు తీసుకుని నాలుగో వంతు కట్టి వెళ్ళిపోవచ్చు. మిగతాది మూడు వాయిదాల్లో, జీతం పడినప్పుడల్లా కట్టాలి. వడ్డీ లేదు. దుకాణానికి మాత్రం కంపెనీ తన వాటా కోసుకుని మొత్తం సొమ్ము మర్నాడే ఇచ్చేస్తుంది. అందుకు కావలసిన డబ్బు రాజధాని బొగొటాలోని ఒక పెట్టుబడి ఫండ్ ఇచ్చేది.

నేను మొదటి ఏడాది నుంచీ ఆ ఆఫీసులో దుకాణదారుల ఫోన్లు తీసేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేదంతా దాదాపు నా కళ్ళ ముందు జరిగిందే. నేను చూడనిది లూడీ తర్వాత చెప్పింది.

లూడీ అంటే లియాండ్రో అక్క. అంతకు ముందు ఒక బస్సుల కంపెనీలో ఖజానా చూసేది. తమ్ముడు రమ్మంటే ఆ ఉద్యోగం మానేసి వచ్చింది. కంపెనీ నుంచి ఎవరికి ఒక్క పెసో పంపాలన్నా ఇద్దరూ ఒప్పుకోవాలి. లూడీ చెల్లింపు తయారు చేయాలి, లియాండ్రో దాన్ని ఖాయం చేయాలి. అందుకోసం బ్యాంకు ఇద్దరికీ చెరో చిన్న యంత్రం ఇచ్చింది. నొక్కితే అంకెలు చూపిస్తుంది, ఆ అంకెలు కొడితే డబ్బు కదులుతుంది. లూడీ తన యంత్రాన్ని ఇంటి తాళాలతో కలిపి మెళ్ళో వేసుకు తిరిగేది.

మా వైపు అక్కాతమ్ముళ్ళు కూడా ఒకరినొకరు మీరనే అనుకుంటారు. తిట్టుకునేటప్పుడు మరీను. ఆ ఇద్దరూ చీటికీ మాటికీ తిట్టుకునేవారు. అదేమీ పెద్ద విషయం కాదు. మా ఊళ్ళో ప్రేమగా మాట్లాడినా బయటివాళ్ళకు పోట్లాటలాగే వినిపిస్తుంది.

మొట్టమొదట ఒప్పుకున్న దుకాణం, పేటలో అందరూ గౌరవంగా దోన్యా అని పిలిచే హెర్సీలియాది. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో కుట్టుడు. ఆడవాళ్ళ బూట్లు చేయించేది. లూడీకి జ్ఞానస్నానం చేయించిన రోజున ఆమెను చేతుల్లోకి తీసుకున్న జ్ఞానమాత, మా మాటలో మద్రీనా, కూడా ఆవిడే. అక్కాతమ్ముళ్ళిద్దరూ వచ్చి విషయమంతా చెబితే ఆవిడ చేతిలోని తోలు పక్కన పెట్టకుండానే విన్నదట. బూట్లు నావి, కొనేవాళ్ళు నా దుకాణానికే వస్తారు, మధ్యలో మీరు చేసేదేమిటని అడిగిందట. కాళ్ళకు తొడిగి చూసుకుని, ధర అడిగి, విప్పేసి వెళ్ళిపోయేవాళ్ళు రోజుకు ఎందరని లియాండ్రో అడిగాడు. ఆవిడ చేతిలోని తోలు పక్కన పెట్టింది.

"ఆ వెళ్ళిపోయేవాళ్ళను మీరు కూర్చోబెడతారా?"

"కూర్చోబెడతాను, దోన్యా."

"కూర్చోబెట్టండి చూద్దాం" అంది.

కూర్చోబెట్టాడు. ఆ డిసెంబరులో హెర్సీలియా దుకాణంలో బూట్లు చాలక పక్క దుకాణాల నుంచి తెచ్చి అమ్మింది. మరుసటి ఏడాదికి పేటలో సగం దుకాణాల అద్దాల మీద మా కంపెనీ గుర్తయిన ఆకుపచ్చ బొమ్మ కనపడేది. తర్వాత కూకుతా, బరాంకీయా, మెదెయీన్ ఊళ్ళకు కూడా పాకింది. బస్సులు కడిగే ఒకాయన కూతురి మొదటి సత్ప్రసాదానికి తెల్ల బూట్లు కొని, చివరి వాయిదా కట్టిన రోజున ఆఫీసుకు వచ్చి లియాండ్రో చేయి పట్టుకుని ఊపి వెళ్ళాడు. పుట్టి బుద్ధెరిగాక తనను ఎవరూ నమ్మి అప్పివ్వలేదన్నాడు. ఆ రోజంతా లియాండ్రో నేల మీద నిలవలేదు.

అతను మంచివాడు కాదని నేనెప్పుడూ అనను. కానీ ఒకసారి పైకి ఎగరడం మొదలుపెట్టాక, ఎక్కడ దిగాలో అతనికి తెలియలేదు. ఆఫీసు పేట నుంచి డబ్బున్నవాళ్ళుండే కబెసెరాకు మారింది. అద్దాల గది, తెల్లటి కుర్చీలు. బొగొటా ఫండు వాళ్ళు ప్రతి మూడు నెలలకూ ఇంకా ఎంత పెరుగుతావని అడిగేవాళ్ళు. బూట్ల మీద అంత పెరగడం ఎవరివల్లా కాదు. అందుకని ఫోన్లు, టీవీలు అమ్మే దుకాణాలను చేర్చుకున్నాడు. అక్కడే దెబ్బతిన్నాం. బూట్లు కొన్నవాడు వాటిని తొడుక్కుంటాడు. ఫోను కొన్నవాళ్ళలో కొందరు దాన్ని మర్నాడే సగం ధరకు అమ్ముకుని, పాత నంబరు మార్చేసి కనపడకుండా పోయేవారు.

వసూళ్ళు తగ్గాయి. బాకీలు ఒక హద్దు దాటితే డబ్బు ఆపేసి, కంపెనీకి వచ్చే వసూళ్ళన్నీ తనే తీసుకునే హక్కు ఫండ్‌కు ఉంది. ఆ హద్దు దాటకుండా ఉండడానికి లియాండ్రో ఒక దారి కనిపెట్టాడు. కట్టలేనివాళ్ళకు కొత్తగా అప్పు రాసి, దానితో పాతది తీరినట్టు చూపించాడు. బొగొటాకు వెళ్ళే లెక్కల్లో అందరూ బుద్ధిమంతుల్లా కడుతున్నట్టే ఉండేది.

లూడీ అది పట్టేసింది. అద్దాల గదిలో వాళ్ళిద్దరి గొంతులు ఆ రోజు బయటికి వినిపించాయి.

"దీన్ని తీరడం అనరు. మాసిన చొక్కా తిరగేసి తొడుక్కోవడం అంటారు."

"డిసెంబరు దాటనివ్వండి అక్కా. డిసెంబరు అమ్మకాలతో అంతా సర్దుకుంటుంది."

"దాటాక జనవరి వస్తుంది. అప్పుడేం చెబుతారు?"

నవంబరులో లియాండ్రో, ముందు కట్టే నాలుగో వంతు కూడా అక్కర్లేదని ఊరంతా పోస్టర్లు వేయించాడు. జనం విరగబడ్డారు. హెర్సీలియా మా మాట మీద తోలు అరువు తెచ్చి, కుట్టేవాళ్ళను కొత్తగా పెట్టుకుని, వెనక గదిలో చోటు చాలక పక్కింటి వసారా కూడా అద్దెకు తీసుకుంది.

డిసెంబరు మొదటి వారంలో దుకాణాలకు వెళ్ళే చెల్లింపులు ఒక రోజు ఆలస్యమయ్యాయి. తర్వాత రెండు రోజులు. ఫోన్లలో నాకు తిట్లు మొదలయ్యాయి. బ్యాంకులో ఏదో ఇబ్బందని చెప్పమన్నారు. చెప్పాను.

కన్యమరియమ్మకు వీధుల్లో కొవ్వొత్తులు వెలిగించే పండుగ అయిన ఆ శుక్రవారం పొద్దున ఆఫీసుకు వెళ్ళేసరికి లూడీ తలుపు దగ్గరే నిలబడి ఉంది. నన్ను చేయిపట్టి లోపలికి తీసుకుపోయి, ఏ దుకాణాల నుంచి ఫోన్లు వస్తున్నాయో వరసగా చెప్పమంది. గదిలో లియాండ్రో బల్ల మీద ఫోను స్పీకరులో పెట్టుకుని వింటున్నాడు. అవతల ఫండు తరఫు న్యాయవాది, మన్రీకె అనే ఆవిడ. ఆవిడ గొంతు ఎంతో మెత్తగా ఉంది.

మార్చిన లెక్కలు మొత్తం బయటపడ్డాయని చెప్పింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి కంపెనీ ఖాతా ఫండు చేతికి వెళుతుందనీ, అంతవరకు అందులో ఉన్నది కదలకుండా ఉంటే లియాండ్రోను కుర్చీలో కొనసాగించే విషయం మాట్లాడుకోవచ్చనీ చెప్పింది. ఆవిడ బెదిరించలేదు. "మీరు తెలివైనవారు, లియాండ్రో గారూ. ఈ పూట ఏమీ చేయకుండా కూర్చోండి, అంతే" అని పెట్టేసింది.

ఖాతాలో డబ్బుంది. ముందు రోజు జీతాలు పడడంతో వాయిదాలు బాగానే వచ్చాయి. దుకాణాలకు ఇవ్వాల్సింది ఇంచుమించు అంతే.

లూడీ కుర్చీ లాక్కుని తమ్ముడి ఎదురుగా కూర్చుంది. మెళ్ళోంచి తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టింది.

"పన్నెండు దాకా ఆ ఖాతా మనదే. మన దుకాణాలకు మనం ఇవ్వాల్సింది ఇచ్చేద్దాం."

"ఇస్తే కంపెనీ పోతుంది."

"ఎప్పుడో పోయింది. ఇంకా మీకు కబురు అందలేదు, అంతే."

లియాండ్రో లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. రెండొందల యాభై మంది ఉద్యోగులున్నారు, కుర్చీలో ఉంటే రెండు నెలల్లో అందరి బాకీ తీరుస్తాను, ఫండ్‌తో పోట్లాడితే ఎవరికీ ఏమీ మిగలదు అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. లూడీ మాత్రం ఒకే మాట మీద నిలబడింది. శనివారం కుట్టేవాళ్ళకు కూలి ఇచ్చే రోజు. జత లెక్కన కుట్టే మనిషి ఆ డబ్బుతోనే క్రిస్మస్ చేసుకుంటాడు. అమ్మేసిన బూట్ల డబ్బు అది, మన పోరాటానికి పెట్టుబడి కాదు.

అతను తన యంత్రం తీయలేదు. లూడీ ఊరికే కూర్చోకుండా చెల్లింపులన్నీ తయారు చేసి పెట్టసాగింది. అతను ఖాయం చేస్తే చాలన్నట్టు కొన్నేసి చెల్లింపులను ఒక్కో కట్టగా చేసి వరుసలో నిలబెట్టింది.

అప్పుడు దోన్యా హెర్సీలియా వచ్చింది.

చేతి సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆ తెల్ల కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుంది. అరవలేదు. లియాండ్రోను చూడాలంది. లూడీ లేవబోయింది గాని, అతను వద్దని తనే బయటికి వెళ్ళాడు. మధ్యలో అద్దమే కాబట్టి మాకు అన్నీ కనిపించాయి, తలుపు తెరిచే ఉంది కాబట్టి వినిపించాయి కూడా.

తోలు అరువిచ్చినవాడు దుకాణం ముందు కూర్చున్నాడని చెప్పింది. రేపు కూలి ఇవ్వాలని చెప్పింది. బ్యాంకు ఇబ్బందని ఫోన్లో ఆ అమ్మాయి చెబుతోంది, ఆ అమ్మాయి అబద్ధమాడుతోందని గొంతులోనే తెలుస్తోంది అంది. నేను తల దించుకున్నాను.

"నేను మీ బ్యాంకును అడగడానికి రాలేదు. మిమ్మల్ని అడగడానికి వచ్చాను. నా డబ్బు ఎప్పుడొస్తుందో నా మొహం చూసి చెప్పండి. నమ్ముతాను."

లియాండ్రో ఆవిడ ముందు మోకాళ్ళ మీద వంగి కూర్చున్నాడు.

"సోమవారం, దోన్యా. సోమవారం పొద్దున్నే."

ఆవిడ అతని కళ్ళలోకి చూసింది. అతనూ చూశాడు. రెప్ప కూడా వేయలేదు. ఆవిడ సంచీ సర్దుకుని లేచింది. వెళ్ళబోతూ అతని చెంప మీద చేయి వేసి, చిక్కిపోయారు, సరిగ్గా తినండి అంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

లియాండ్రో లోపలికి వచ్చి తలుపు వేశాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. నీళ్ళ సీసా తీసుకుని తాగకుండానే తిరిగి పెట్టేశాడు.

"అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో చూశారా?" అన్నాడు అక్కతో. "బ్యాంకులో రెండేళ్ళు లేదు లేదని చెప్పడానికి నోరు తిరిగేది కాదు. ఇది మాత్రం నీళ్ళలా వచ్చేసింది."

అతను సొరుగు తెరిచి యంత్రం తీశాడు.

"ముందు దోన్యా హెర్సీలియాది పంపుదాం."

"ఆవిడది ముందు కాదు."

లియాండ్రో ఆమెకేసి చూశాడు, తప్పుగా విన్నాననుకున్నట్టు.

"మీ జ్ఞానమాత."

"అందుకే. చిన్నవాళ్ళు ముందు. ఇవాళ డబ్బు రాకపోతే రేపు పొయ్యి వెలగనివాళ్ళు ముందు. ఆవిడ వరసలో ఎక్కడుంటే అక్కడే. తెలిసినవాళ్ళను పైకి లాగామంటే ఇది బాకీ తీర్చినట్టు కాదు, ఇంట్లోవాళ్ళకు దోచిపెట్టినట్టు. అప్పుడు ఫండు వాళ్ళు కోర్టుకెళ్ళి మిగతావాళ్ళ దగ్గర్నుంచి కూడా వెనక్కి లాక్కుంటారు."

"నేనావిడకు మాటిచ్చాను. ఇప్పుడే."

"మీరిచ్చింది మాట కాదు" అంది లూడీ. ఆ తర్వాత కాస్త మెల్లగా, "అంకెలు చెప్పండి" అంది.

అతను చెప్పాడు. మొదటి కట్ట వెళ్ళింది. బ్యాంకు ఒక్కోసారి కొన్ని చెల్లింపులే తీసుకునేది. అవి వెళ్ళాక మళ్ళీ ఇద్దరి యంత్రాలూ, మళ్ళీ అంకెలు. ఒకసారి అంకె తప్పు పడి మొత్తం మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. తెర మీద చక్రం తిరుగుతూ ఆగిపోతే లియాండ్రో బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడేవాడు. నా ఫోను మళ్ళీ మోగడం మొదలైంది, కానీ ఈసారి తిట్లు కాదు. డబ్బు పడిందని కూకుతా నుంచి బెల్టులు అమ్మే ఒకాయన చెప్పాడు. చెప్పులు కుట్టే అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకే ఫోనులోంచి ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు. నేను వినిపించిన ప్రతి పేరుకూ లూడీ తలూపుతూ తర్వాతి కట్ట కొట్టేది.

మన్రీకె ఫోను చేసింది. లియాండ్రో ఎత్తలేదు. మళ్ళీ చేసింది. అతను ఫోను బోర్లించి దాని మీద అరచేయి పెట్టి అంకెలు చదివాడు.

చిన్న దుకాణాలు అయిపోయి మధ్యరకంవి కూడా చాలావరకు వెళ్ళాయి. హెర్సీలియా పేరు ఇంకా కింద ఉంది. కారణం మేమే. నాలుగేళ్ళ కింద ఇదే పని జరిగుంటే ఆవిడ మొదటి కట్టలోనే ఉండేది. మా వల్ల పెరిగి, మా వల్లే వరస చివరికి వెళ్ళింది. అది ముగ్గురికీ తెలుసు.

ఆవిడ ఉన్న కట్ట తెరిచి లూడీ తన అంకెలు కొట్టింది. లియాండ్రో తనవి చదివాడు. చక్రం తిరిగింది. తిరిగి తిరిగి, పన్నెండు దాటాక ఆగి, ఈ ఖాతా మీద మీకు అధికారం లేదని తెర చెప్పింది.

లూడీ మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. మూడోసారి కొట్టబోతుంటే లియాండ్రో ఆమె చేయి పట్టుకున్నాడు. ఆమె ఆ చేతిని విదిలించి నాలుగైదుసార్లు ఊరికే అదే మీట నొక్కింది. ఏడవలేదు. బల్ల మీది తాళాలు మెళ్ళో వేసుకుని, మద్రీనాకు ఫోను చేయాలి అంది.

"నేను చేస్తాను" అన్నాడు లియాండ్రో.

చేశాడు కూడా. సోమవారం రాదు, అసలు రాకపోవచ్చు, మీకు చెప్పింది అబద్ధం అని చెప్పాడు. అవతల ఆవిడ ఏమందో నాకు వినపడలేదు. అతను చాలాసేపు ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాడు. ఆవిడ ఏమీ అనకుండా పెట్టేసిందని లూడీ తర్వాత చెప్పింది.

కంపెనీ జనవరి చూడలేదు. ఫండు వాళ్ళు జనం బాకీలను వసూళ్ళు చేసే ఒక సంస్థకు అమ్మేశారు. వాళ్ళు పనిచోట్లకు ఫోన్లు చేసి పరువు తీసేవాళ్ళు. ఆకుపచ్చ బొమ్మను అద్దాల మీంచి గోకేయడానికి దుకాణదారులు బ్లేడ్లు వాడాల్సి వచ్చింది. ఆ పూట చేసిన చెల్లింపుల మీద ఫండు కేసు వేసింది. ఏడాదికి పైగా సాగింది. చెల్లింపుల వరసను పైనుంచి కింది దాకా చూసిన జడ్జి, కంపెనీని నడిపేవాళ్ళ సొంతమనిషి చివర్లో ఉండి, ఆమెకే డబ్బు అందలేదని తేల్చి, చేరిన డబ్బు చేరినవాళ్ళదేనన్నాడు. లెక్కలు మార్చినందుకు మాత్రం లియాండ్రోకు శిక్ష పడింది. కొన్నేళ్ళు ఇల్లు దాటకూడదు, ఇంకెప్పుడూ కంపెనీ నడపకూడదు. అతను అప్పీలు చేయలేదు.

దోన్యా హెర్సీలియా ఆ క్రిస్మస్‌కు ముందే కుట్టు మిషన్లలో సగం అమ్మి కూలీలు ఇచ్చేసింది. పక్కింటి వసారా పోయింది. ముందు గది దుకాణం కూడా పోయి, వెనక గది ఒక్కటీ మిగిలింది. లూడీ రెండుసార్లు వెళితే తలుపు తీయలేదు. మూడోసారి తీసింది. నేనూ వెంట ఉన్నాను.

ఆవిడ బూటు పైభాగం అచ్చు మీద లాగి మేకులు కొడుతోంది. మమ్మల్ని కూర్చోమనలేదు. లూడీ నిలబడే జరిగింది జరిగినట్టు చెప్పింది. లియాండ్రో ముందు మీది పంపుదామన్నాడు, వద్దన్నది నేనే అని కూడా చెప్పింది.

హెర్సీలియా చేతిలోని మేకు పూర్తిగా కొట్టాక తలెత్తింది.

"నన్ను ముందు పెట్టి ఉంటే తీసుకునేదాన్ని. కాదనేదాన్ని కాదు. అది కూడా తెలుసుకోండి."

"తెలుసు, మద్రీనా."

"జడ్జి మెచ్చుకున్నాడట మిమ్మల్ని."

"మెచ్చుకోలేదు. డబ్బు వెనక్కి లాక్కోలేదు, అంతే."

"అదే నేనంటున్నది." ఇంకో మేకు నోట్లోంచి తీసింది. "అతన్ని నమ్మి మెట్లు దిగిపోయాను చూశారూ, అదే మింగుడు పడటం లేదు నాకు. డబ్బు సంగతి కాదు. అక్కడే కూర్చుని ఉంటే, మీరిద్దరూ ఏం చేశారో కళ్ళతో చూసేదాన్ని. అప్పుడు ఇన్నాళ్ళు మిమ్మల్ని తిట్టుకుంటూ ఉండాల్సిన పని లేకపోయేది."

ఆవిడే మళ్ళీ అంది, అతను తింటున్నాడా అని. తింటున్నాడని లూడీ చెప్పింది. సరే అని తల వంచుకుని మేకు కొట్టింది. కాసేపటికి, అచ్చుకు అవతలి వైపు పట్టుకోవడానికి చేయి కావాలంది. లూడీ సంచీ కింద పెట్టి వెళ్ళి పట్టుకుంది. నేను ఇంటికి వచ్చేశాను.